పత్తి ఊరికి వచ్చిన రబ్బరు

ఆదోని అనగానే పత్తి జ్ఞాపకం వస్తుంది. ఎమ్మిగనూరు అనగానే మగ్గం జ్ఞాపకం వస్తుంది. కర్నూలు జిల్లా పడమటి భాగంలో ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ రెండు ఊళ్లనూ పత్తే పెంచింది. చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లో పండిన పత్తి ఆదోని మార్కెట్టుకు చేరుతుంది. అక్కడి జిన్నింగు మిల్లుల్లో గింజ వేరవుతుంది. ప్రెస్సుల్లో దూది బేళ్లు అవుతుంది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారి సహకార సంఘం స్థాపించారు. అక్కడి నేతకు దానివల్ల ఎంతో పేరు వచ్చింది.

ఈ రెండు ఊళ్ల మధ్య ఎంత వెతికినా రబ్బరు తోట ఒక్కటి కూడా కనిపించదు. రబ్బరు చెట్టుకు సాలుకు 2000 మిల్లీమీటర్ల వాన కావాలి. మన కర్నూలు జిల్లాలో కురిసేది అందులో మూడో వంతు మాత్రమే. అయినప్పటికీ రబ్బరు లేకపోతే ఈ ప్రాంతంలో పత్తి పొలం నుంచి మిల్లుకు సుఖంగా చేరేది కాదు. అదెట్లాగో చెబుతాను.

నా చిన్నతనంలో, అంటే 1960 తరువాతి సంవత్సరాల్లో, మాకు ఒక కొయ్యచక్రాల బండి ఉండేది. చక్రానికి చుట్టూ ఇనుప పట్టా. మా నాయన పత్తి వేసుకుని రాత్రంతా బండి తోలి, తెల్లవారేసరికి ఆదోని చేరేవాడు. తిరిగి వచ్చినాక మా అవ్వ ముందు కొడుకును పలకరించేది కాదు, ఎద్దుల దగ్గరికి పోయేది. కాడి ఒరుసుకుని వాటి మెడలు వాచి, ఒక్కొక్కసారి పుండ్లు పడేవి. ఆమె ఆముదం పూస్తూ, “మూగజీవాలు, నోరు తెరిచి చెప్పుకోలేవు గదా నాయనా!” అని కళ్లు తుడుచుకునేది.

పుండు మెడమీద ఉన్నా, దాని కారణం చక్రం దగ్గర ఉన్నది. ఇనుప పట్టా గట్టిది, ఏమాత్రం వంగదు. దారిలో పిడికెడంత రాయి అడ్డం వస్తే చక్రం ఆ రాతిపైకి ఎక్కవలసిందే. అంటే బండి బరువులో ఆ పక్క భాగమంతా పైకి లేవాలి. దాన్ని లేపేది ఎద్దు మెడ. రాయి దాటగానే చక్రం ధడాలున కింద పడుతుంది. ఆ దెబ్బ కూడా కాడి గుండా మెడకే వస్తుంది. వాన కురిసి రేగడి మెత్తబడితే సన్నని ఇనుప పట్టా కత్తిలాగా నేలలో దిగబడుతుంది.

గాలి నింపిన రబ్బరు టైరు ఇట్లా చెయ్యదు. రాయి తగిలితే అక్కడికక్కడ కొద్దిగా లోపలికి వంగి, రాతిని తనలో ఇముడ్చుకుని, మళ్లీ ఎప్పటి ఆకారానికి వస్తుంది. బండి లేవనక్కరలేదు. టైరు వెడల్పుగా ఉంటుంది గనుక మెత్తని నేలలో కూడా అంతగా దిగబడదు. ఈ టైరును వాడకంలోకి తెచ్చినవాడు ఒక పశువైద్యుడు కావటం చిత్రం! ఆయన పేరు జాన్ బాయిడ్ డన్లప్. 1887లో బెల్‌ఫాస్టు నగరంలో తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు లేకుండా నడవాలని గాలి టైరు తయారుచేశాడు. ఆయన పేరు పెట్టుకున్న కంపెనీ 1936లో బెంగాలులోని సాహాగంజిలో టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. అందుకే మన పల్లెల్లో టైరు బండిని “డన్లప్ బండి” అనటం అలవాటయింది.

ఇంతకూ రబ్బరుకు ఈ సాగే గుణం ఎక్కడిది? బ్రెజిల్ అడవుల్లో పుట్టిన ఒక చెట్టు బెరడును వాలుగా గీస్తే పాలు కారుతాయి. ఆ పాలలో సుమారు మూడో వంతు రబ్బరు, మిగిలినది చాలావరకు నీరు. అందులో కొంచెం ఆమ్లం కలిపితే పెరుగు తోడుకున్నట్టు గడ్డకడుతుంది. దాన్ని యంత్రంలో ఒత్తి, పలకలు చేసి, పొగలో ఆరవేస్తారు. 1876లో హెన్రీ వికం అనే ఇంగ్లీషువాడు ఆ చెట్టు విత్తనాలు సుమారు 70,000 లండనుకు చేర్చాడు. వాటిలో మొలిచిన మొక్కలు సింహళానికి వచ్చాయి. మన దేశంలో 1902లో కేరళలోని తట్టేకాడు దగ్గర వ్యాపారానికై మొదటి తోట వేశారు. నేటికీ మన రబ్బరులో ఎక్కువ భాగం కేరళదే. మన రాష్ట్రంలో మారేడుమిల్లి మన్యంలో కొంత రబ్బరు పెంచుతున్నారు.

రబ్బరు అణువును దారంతో పోల్చవచ్చు. కార్బను, హైడ్రోజను పరమాణువులు గల చిన్న ముక్కలు వేలకొద్దీ వరసగా అతుక్కుని ఒక్కొక్క పొడుగాటి పోగు అవుతాయి. మామూలుగా ఈ పోగులు చిందరవందరగా చుట్టుకుని ఉంటాయి. లాగితే తిన్నబడతాయి, వదిలితే మళ్లీ చుట్టుకుంటాయి. పత్తిపీచుకు ఈ గుణం లేదు. అది గట్టిగా ఉంటుంది గాని, సాగదు.

పిల్లలూ, దీన్ని మీరే పరీక్షించవచ్చు. వెడల్పాటి రబ్బరు బ్యాండు తీసుకోండి. దాన్ని చటుక్కున సాగదీసి, వెంటనే పై పెదవికి ఆనించండి. వెచ్చగా తగులుతుంది. కొంచెంసేపు అట్లాగే సాగదీసి ఉంచి, తరువాత వదులు చేసి పెదవికి ఆనించండి. చల్లగా తగులుతుంది. ఈ సంగతి 1805లో ప్రకటించిన జాన్ గాఫ్‌కు చూపు లేదు; స్పర్శతోనే కనిపెట్టాడు. ఇంకొక వింత ఏమిటంటే, బరువు వేలాడదీసి సాగదీసిన రబ్బరును వేడిచేస్తే అది పొడుగు కాదు, కురచ అవుతుంది. ఇనుము తీరు ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

అయితే పచ్చి రబ్బరుతో టైరు చెయ్యలేము. ఆదోనిలో మే నెల ఎండకు అది బంకగా మారుతుంది. బాగా చలి దేశాల్లో గట్టిపడి బిరుసెక్కుతుంది. దాని పోగులను కలిపి పట్టే ముడులు లేకపోవటమే కారణం. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఈ దోషం పోతుందని కనుక్కున్నాడు. గంధకం పోగుకూ పోగుకూ మధ్య అక్కడక్కడ ముడి వేస్తుంది. పడుగూ పేకా ఒకదానికొకటి పట్టు ఇచ్చినట్టే అనుకోండి. అప్పుడు పోగులు సాగుతాయి గాని జారిపోవు. గంధకం కొద్దిగా వేస్తే బ్యాండు అవుతుంది. చాలా ఎక్కువ వేస్తే కొయ్యలాంటి గట్టి పదార్థం అవుతుంది. టైరు రబ్బరులో మసి కూడా కలుపుతారు. అరుగుదలకూ ఎండకూ తట్టుకునే బలం ఆ మసి ఇస్తుంది. టైరు నల్లగా ఉండటం అందుకే.

కాని వట్టి రబ్బరుతో టైరు నిలవదు. గాలి నింపితే బుడగలాగా ఉబ్బుతుంది. ఇక్కడనే పత్తి సహాయానికి వచ్చింది. సాగని నూలునూ సాగే రబ్బరునూ కలిపితే రెండు గుణాలూ ఒకచోట కుదురుతాయి. 1823లో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి వానకోటు గుడ్డ చేశాడు. తరువాత చాలా కాలం టైర్ల లోపల నూలు పోగులే ఉండేవి. నేడు నైలానూ, ఉక్కుతీగా ఆ పని చేస్తున్నాయి. మిల్లుల్లో యంత్రాలను తిప్పే బెల్టులు కూడా రబ్బరు పట్టించిన నూలుగుడ్డతో చేసేవారు. రబ్బరు జారదు, గుడ్డ తెగదు.

జిన్నింగు యంత్రంలో గింజనుంచి దూదిని లాగే రోలర్లకు తోలు బిళ్లలు తొడుగుతారు. ఆ తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తారు. తిరుగుతున్నకొద్దీ తోలు అరిగి పొడి అవుతుంది. ఆ పొడి దూదిలో కలుస్తుంది, పనివారి ఊపిరిలోకీ పోతుంది. అది ఆరోగ్యానికి మంచిది కాదు. అందుచేత మన దేశంలో శాస్త్రజ్ఞులు రబ్బరు పట్టిన నూలుగుడ్డతో రోలర్లు చేసి పరీక్షించారు. పత్తిని శుభ్రం చెయ్యటానికి పత్తీ రబ్బరూ చేతులు కలిపాయన్నమాట!

రబ్బరుకు శత్రువులు కూడా ఉన్నారు. కిరోసిన్‌లోనూ పెట్రోలులోనూ అది ఉబ్బి మెత్తబడుతుంది. అందుచేత నూనెతో పని ఉన్న చోట్ల కృత్రిమ రబ్బరు వాడతారు. సైకిలు ట్యూబుల్లో గాలి తొందరగా పోకుండా నిలిపేది కూడా మరొక కృత్రిమ రబ్బరే. ఎండ తగిలితే పాత రబ్బరు పగుళ్లు బారుతుంది. కాని పెద్ద లారీలకూ, విమానాలకూ వేసే టైర్లలో నేటికీ చెట్టు రబ్బరే ముఖ్యం. బరువు కింద పదే పదే వంగినా అది తక్కువ వేడెక్కుతుంది, తొందరగా చినగదు.

మా నాయన రెండేండ్లు డబ్బు కూడబెట్టి టైరు బండి చేయించాడు. మా కొయ్యచక్రాలు చేసిన వడ్లాయన ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. “ఈ టైరు నా నోటికాడి కూడు తీసింది, అన్నా,” అన్నాడు. తరువాత ఎద్దు మెడ నిమిరి, “ఏమనేదానికీ నోరు రాదు. దీని మెడ మానింది చూడు,” అన్నాడు. అటుపైన ఆయన చక్రాలు మానుకుని నొగలూ, కాళ్లూ, నాగళ్లూ చేసి బతికాడు. ఒకరికి సుఖమిచ్చే కొత్త వస్తువు మరొకరి పని తీసెయ్యవచ్చునని నేను అప్పుడు తెలుసుకున్నాను.

మరొక సంగతి కూడా తెలుసుకున్నాను. ఒక వ్యాపారి, “బండి తేలిక అయింది గదా, ఇంకో రెండు బోరాలు వెయ్యి. కిరాయి కలిసివస్తుంది,” అన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. “టైర్లు కొన్నది ఎద్దుల కోసం, అప్పా. నీ బోరాల కోసం గాదు,” అన్నాడు. ఆ కిరాయి వేరొక బండికి పోయింది. ఇంట్లో ఆ వారం డబ్బుకు ఇబ్బంది పడ్డామని అవ్వ చెప్పింది గాని, కొడుకును ఒక్క మాట కూడా అనలేదు.

చట్టం కూడా ఈ విషయం ఆలోచించింది. 1965లో మన ప్రభుత్వం బండి లాగే పశువులకై నిబంధనలు చేసింది. రెండు చక్రాల బండికి గాలి టైర్లు ఉంటే, లేని బండికన్నా ఒకటిన్నర రెట్ల బరువు వెయ్యవచ్చు. దానికీ హద్దు ఉన్నది. రోజుకు 9 గంటలకు మించి పశువుచేత పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు బండి కట్టకూడదు. మన ఎండాకాలంలో ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇప్పుడు పత్తి ఎక్కువగా ట్రాక్టర్లలో, లారీల్లో వస్తున్నది. అవీ రబ్బరు మీదే నడుస్తాయి. అరిగిపోయిన టైరు కూడా వ్యర్థం కాదు. దానితో బావి బొక్కెనలు చేస్తారు, చెప్పులు కుడతారు. తుమ్మముల్లుకు టైరు చెప్పును మించిన కవచం లేదని మన రైతులు అంటారు. ఒక్క పని మాత్రం చెయ్యకండి: పాత టైరును చలిమంటకు కాల్చకండి. గంధకంతో కలిసిన ఆ పొగ గొంతునూ, ఊపిరినీ పాడుచేస్తుంది. ఎక్కడో కేరళ కొండల్లో తెల్లవారకముందే లేచి, చెట్టు గీసి, చుక్క చుక్కగా పట్టిన పాలు అది. చివరిదాకా ఒకరి పాదం కిందనో, ఒకరి బావి దగ్గరనో ఉపయోగపడనివ్వండి.