ఆకు రాలినప్పుడు కనిపించే తోట

జనవరి మాసం. ఉదయం ఎనిమిది గంటలు కావచ్చినా సూర్యోదయం కాలేదు. రాత్రి పడిన మంచు గడ్డిమీద ఉప్పు చల్లినట్టు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. బారులు తీరిన లిండెన్ చెట్లకు ఒక్క ఆకైనా లేదు. నిచ్చెనలూ కత్తెరలూ చేతిరంపాలూ పట్టుకొని తోటమాలులు ఒక్కొక్క చెట్టునే సమీపిస్తారు. కిందటి వేసవిలో పుట్టిన సన్నని రెమ్మలన్నిటినీ, కొమ్మ చివరనున్న గనుపుదాకా కోసివేస్తారు. కోసినవి కింద కుప్పలు పడతాయి. ఒక చెట్టు ముగిస్తే మరొక చెట్టు. ఇటువంటివి ఆ తోటలో వెయ్యికి పైగా ఉన్నాయి. చలికాలం ఆరంభమైన నాటినుంచి వసంతం తొంగిచూచే వరకు, నెలల తరబడి, వాళ్ళకు ఇదే పని.

ఇది ఫ్రాన్సులో, తూర్ నగరానికి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న విలాంద్రీ గ్రామం. షేర్ నది లువార్ నదిలో కలిసే చోటికి ఇది చేరువ. ఇక్కడి పాత భవనాన్నీ, దాని ఉద్యానాన్నీ చూడడానికి లోకం నలుమూలలనుంచి జనం వస్తారు. వాళ్ళలో అత్యధికులు వచ్చేది వసంతంలోనూ వేసవిలోనూ. పూలను చూచి, చెట్లనీడన నడిచి, సంతోషంతో తిరిగిపోతారు. అయితే ఆ తోట ఎట్లా నిలిచి ఉన్నదో తెలుసుకోగోరే వారు చలికాలంలోనే రావాలి. ఆకూ పూవూ లేని వేళలోనే దాని అసలు గీతలు బయటపడతాయి. ఆ గీతల వెనుక ఒక మనిషి తన జీవితమార్గాన్నే మార్చుకొన్న కథ ఉన్నది.

ఆ స్థలం చరిత్ర చాలా పాతది. పూర్వం అక్కడొక కోట ఉండేది. ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ, ఫ్రాన్సు రాజు ఫిలిప్ ఆగస్టస్‌కు తలవంచి సంధికి ఒప్పుకొన్నది 1189 జూలై 4న, ఆ చోటనే. మరి రెండు దినాలకు హెన్రీ మరణించాడు. తరువాత మూడు శతాబ్దాలకు పైగా గడిచి, మొదటి ఫ్రాన్సువా రాజు కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూచిన జాన్ లెబ్రెటాన్ ఆ కోటను 1532లో కొన్నాడు. ఒక్క బురుజును మాత్రం మిగిల్చి తక్కినదంతా కూల్చివేశాడు. ఆ తావున తన కాలపు అభిరుచికి తగిన సౌధాన్ని 1536 ప్రాంతాన పూర్తిచేశాడు. 1754లో అది కస్తెల్లాన్ ప్రభువు చేతికి వచ్చింది. ఆయన తన కాలపు సౌఖ్యాలను కోరి కందకాలు పూడ్పించాడు, కిటికీల వరుసలు మార్పించాడు, గోడలమీద లేని కిటికీలను ఉన్నట్టుగా చిత్రింపజేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయుల తరహా ఉద్యానాలపై మోజు పెరిగింది. అప్పటి యజమానులు పాత తోట గీతలన్నిటినీ చెరిపివేసి, వంపులు తిరిగే బాటలతో, గుబురు చెట్లతో భవనాన్ని చుట్టివేశారు. ఇట్లా వచ్చిన ప్రతి యజమానీ ఆ ఇంటిని బాగుచేస్తున్నాననే అనుకొన్నాడు. ప్రతివాడూ తనకు ముందటివాడి పనిని కొంత తుడిచివేశాడు.

1906లో ఆ భవనాన్ని కొన్నవారు ఇద్దరు శాస్త్రజ్ఞులు. జోవాకిం కార్వాలో స్పెయిన్ దేశంలో 1869లో జన్మించాడు. వైద్యవిద్య చదివి పారిస్ చేరి, షార్ల్ రిషే అనే ఆచార్యుని ప్రయోగశాలలో శరీరధర్మ శాస్త్ర పరిశోధన చేశాడు. ఈ రిషేయే తరువాత 1913లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకొన్నాడు. ఆ ప్రయోగశాలలోనే కార్వాలోకు ఆన్ కోల్‌మన్ పరిచయమైంది. ఆమె అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు వనిత, ఇనుము పరిశ్రమలో సిరిసంపదలు గడించిన కుటుంబానికి వారసురాలు. ఇద్దరూ ఒకే విద్యను ప్రేమించారు, పిమ్మట ఒకరినొకరు ప్రేమించి వివాహమాడారు. వారు కొనేనాటికి విలాంద్రీ భవనం కూల్చివేతకు సిద్ధంగా ఉన్నది.

ఇల్లు కట్టిచూడు, పెళ్ళిచేసి చూడు అని మనవాళ్ళంటారు. ఆ సామెత చెప్పినవారు పాత ఇల్లు బాగుచేసి చూడమని కూడా చేర్చి ఉండవలసింది. కొత్త ఇంటికి ఖర్చు ఎంతో ముందుగా లెక్క వేసుకోవచ్చు. పాత ఇంట్లో ఒక రాయి కదిపితే దాని వెనుక ఏమి దాగి ఉన్నదో ఎవరికీ తెలియదు. విలాంద్రీ కొన్ననాడు కార్వాలోకు వయస్సు ముప్ఫై ఏడేండ్లు. ఒక శాస్త్రజ్ఞునికి అది పరిశోధన ఫలించే ఈడు. ఆయన ప్రయోగశాలను పూర్తిగా వదలివేశాడు. భార్య తన ఐశ్వర్యాన్ని ఆ ఇంటికి ధారపోసింది. తోటి శాస్త్రజ్ఞులకు ఇది విపరీతంగా తోచి ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కాని కార్వాలో ఆ ఇంటికి తెచ్చినది పరిశోధకుని దృష్టినే. రోగిని పరీక్షించే వైద్యుడు ముందు ఏది స్వభావసిద్ధమో, ఏది తెచ్చిపెట్టుకొన్నదో వేరుచేస్తాడు. ఆయన ఆ భవనాన్నీ అట్లాగే పరీక్షించాడు.

మరమ్మతు అనగానే లేనిదానిని చేర్చడమని సామాన్యంగా తలుస్తాము. ఇక్కడ మొదటి పని తొలగించడం. గోడలమీద చిత్రించిన దొంగ కిటికీలు పోయాయి. కట్టి మూసివేసిన పాత కిటికీలు తెరుచుకొన్నాయి. పూడిన కందకాలను తిరిగి తవ్వారు. లోపలి భాగాలు కూడా మారాయి. స్పెయిన్‌లోని తొలేదో ప్రాంతంలో పదిహేనో శతాబ్దపు రాజప్రాసాదం ఒకటి విప్పివేయగా, దాని పైకప్పులలో ఒకదానిని కార్వాలో తెప్పించాడు. అరబ్బుల పనితనమూ క్రైస్తవుల పనితనమూ కలిసిన దారుశిల్పమది. ముక్కలుగా వచ్చిన ఆ కప్పులో 3,000కు పైగా కొయ్య తునకలుండగా, వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి తిరిగి నిలబెట్టారు. ఇది మాత్రం ఆ ఇంటికి కొత్తగా చేర్చినదే. ఫ్రెంచి ఇంట్లో ఆ పరదేశి తాను పుట్టిన నేలకు ఒక చోటు కల్పించుకొన్నాడు.

లువార్ లోయలోని పాత ఇండ్లను బాగుచేయడంలో మరొక చిక్కు ఉన్నది. అక్కడి గోడలు తుఫో అనే తెల్లని మెత్తటి సున్నపురాతితో కట్టినవి. రంపంతో కోయగలిగినంత మెత్తన గనుకనే ఆ రాతిమీద అంత సున్నితమైన చెక్కడాలు సాధ్యమైనాయి. కాని ఆ మెత్తదనమే దాని బలహీనత కూడా. అది తడిని పీల్చుకొంటుంది. పీల్చిన తడి శీతకాలపు రాత్రులలో గడ్డకట్టి, రాతిపై పొరను పెచ్చులుగా ఊడదీస్తుంది. బలం కోసమని సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోయే దారిలేక రాయి మరింత త్వరగా చెడుతుంది. సున్నపు గచ్చు మాత్రమే ఆ రాతికి పడుతుంది. పాత ఇంటికి బలవంతమైన మందు కంటె, దాని తత్త్వానికి సరిపడే మందు కావాలి.

ఇంటి పని ఇట్లా సాగుతుండగా తోట ప్రశ్న వచ్చింది. ఇది మరింత కఠినమైనది. పందొమ్మిదో శతాబ్దపు వనం ఇంటిచుట్టూ దట్టంగా ఎదిగి ఉన్నది. అవి బ్రతికి ఉన్న చెట్లు, నీడనిచ్చే చెట్లు. గోడమీది దొంగ కిటికీని తుడిపివేయడం వేరు, నిలువెత్తు చెట్టును నరకడం వేరు. పైగా దానికి బదులు పెట్టవలసిన పాత తోట ఏ రూపంలో ఉండేదో నిశ్చయంగా చూపగలిగినవారు లేరు. 1908లో మొదలుపెట్టి ఆయన పదేండ్లపాటు ఆ శోధనలో గడిపాడు. నేలలో మిగిలిన పునాదులను, నీటి కాలువల జాడలను పరిశీలించాడు. పదహారో శతాబ్దంలో ఆంద్రూయే ద్యు సెర్సో అనే వాస్తుశిల్పి ఫ్రాన్సులోని మహాభవనాల తోటలను చిత్రించి ముద్రించిన చెక్కడాలను చూచాడు. పూర్వపు మఠాల తోటల నమూనాలను వెదికాడు. వీటన్నిటినీ కలిపి ఒక రూపం కల్పించాడు. ఆంగ్లేయ వనం తొలగిపోయింది.

ఆయన చేసినది న్యాయమేనా అనే ప్రశ్న నేటికీ అడగదగినదే. నాలుగు వందల ఏండ్ల నాటి తోట అనుకొని యాత్రికులు మెచ్చుకొనేది వాస్తవానికి ఇరవయ్యో శతాబ్దపు తోట. అందులోని ప్రతి రేఖా లెబ్రెటాన్ కాలానిదని చెప్పడానికి వీలులేదు. కొంత ఆధారం, కొంత ఊహ. కార్వాలో కూడ తనకు ముందటివారివలెనే, ముందటివాడి పనిని తుడిచి తన కలను నిలబెట్టాడని అనవచ్చును. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఒక భేదమున్నది. కస్తెల్లాన్ ప్రభువు ఇంటిని తన సౌఖ్యానికి అనుగుణంగా మార్చాడు. కార్వాలో తన జీవితాన్నే ఆ ఇంటికి అనుగుణంగా మార్చుకొన్నాడు.

పాత బురుజు పైకెక్కి శీతకాలంలో చూస్తే ఆయన ఆలోచన స్పష్టంగా తెలుస్తుంది. తోట మెట్లు మెట్లుగా ఉన్నది. అన్నిటికంటె కింది మెట్టున కాయగూరల తోట, దానిపైన అలంకారపు తోట, అన్నిటికీ ఎగువన ప్రశాంతమైన నీటి తోట. అలంకారపు తోటలో పొట్టి బాక్స్ పొదలను కత్తిరించి ప్రేమలోని నాలుగు దశలను రూపించారు. ఒక మడిలో హృదయాలు కోమల ప్రేమను, ఒక మడిలో ముక్కలైన హృదయాలు ఉద్రేకాన్ని, ఒక మడిలో విసనకర్రలు చపలత్వాన్ని, ఒక మడిలో కత్తులు విషాదాంతాన్ని సూచిస్తాయి. వేసవిలో పూలరంగులు కంటిని లాగివేయగా చాలామంది ఈ భేదాన్ని గమనించరు. పూలు లేని జనవరిలో నల్లని నేలమీద ఆ పచ్చని గీతలు పుస్తకంలోని అక్షరాలవలె చదువుకోవచ్చు.

కాయగూరల తోటది మరొక తీరు. సుమారు ఒక హెక్టారు నేల. సమాన పరిమాణం గల తొమ్మిది చదరాలు, ప్రతి చదరంలోనూ వేరొక రేఖాచిత్రం. ఎర్ర క్యాబేజీ, నీలిచాయ గల లీక్, బీటుదుంప, సెలరీ మొదలైనవి అక్కడ వంటింటికోసమే కాక రంగులకోసం కూడ పండుతాయి. మధ్యమధ్య నిలువుగా పెంచిన గులాబీలు తమ మడులను తవ్వుకొంటున్న పూర్వపు సన్యాసులకు గుర్తులని చెబుతారు. ఏటా రెండు సార్లు, వసంతంలో ఒకసారి, జూన్‌లో మరొకసారి, ఈ మడులన్నిటినీ కొత్తగా నాటుతారు. ఒకే జాతి పంట ఒకే మడిలో వరుసగా వేస్తే నేల నీరసిస్తుంది, చీడ స్థిరపడుతుంది. అందువల్ల మడులలో పంటలను మారుస్తూ ఉండాలి. అదే సమయంలో పక్కపక్క రంగులు పొసగాలి. ఈ రెండు నియమాలను కలిపి వచ్చే ఏటి నమూనాను ముందుగానే కాగితంమీద గీసుకొంటారు. 2009 నుంచి ఈ తోటను రసాయనిక ఎరువులూ పురుగుమందులూ లేకుండ సాగుచేస్తున్నారు. ఆ నిర్ణయంవల్ల కలుపు తీసే చేతులకు పని మరింత పెరిగింది.

చలికాలపు పని అంతా రాబోయేదానికోసమే. మడులను తవ్వి ఎరువు వేస్తారు. బేరిచెట్ల కొమ్మలను కత్తిరిస్తారు. వీటన్నిటితోపాటు లిండెన్ చెట్ల కత్తిరింపు సాగుతూనే ఉంటుంది. చెట్టు నిద్రించే వేళ, ఆకులు లేక కొమ్మల పొందిక స్పష్టంగా కనిపించే వేళ, ఈ పని చేయాలి. ఒక్క ఏడు మానితే రెమ్మలు ఎగబడతాయి, కొన్నేండ్లు మానితే బారు చెదరి అడవి అవుతుంది. ఆ చెట్లు గోడలవలె నిటారుగా నిలిచి ఉండడం వాటి స్వభావం కాదు. ఏటేటా మనిషి చేసే విన్నపానికి అవి అంగీకరించడం మాత్రమే.

తాను చేసినది తనవంటి ఒక్కరి వల్ల నిలిచేది కాదని కార్వాలో గ్రహించాడు. ప్రైవేటు యజమానులలో సందర్శకులకు తలుపులు తెరిచిన తొలివారిలో ఆయన ఒకడు. చారిత్రక గృహాల యజమానులను ఒకచోట చేర్చే సంఘాన్ని 1924లో స్థాపించాడు. 1934లో ప్రభుత్వం విలాంద్రీని చారిత్రక కట్టడంగా గుర్తించింది. 1936లో ఆయన మరణించాడు. ఆయన కాగితాలలో మిగిలిపోయిన ఒక తోట నమూనా ఆధారంగా 2008లో ఎగువ భాగాన సూర్యోద్యానాన్ని ఏర్పరచారు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా ప్రకటించిన లువార్ లోయలో ఈ గ్రామమూ చేరి ఉన్నది. నేడు ఆ ఇంటి బాధ్యత ఆయన మునిమనుమనిది.

రాయి ఒకసారి నిలబెడితే కొన్ని తరాలు నిలుస్తుంది. తోట అట్లా కాదు. లెబ్రెటాన్ నాటిన మొక్క ఒక్కటీ లేదు, కార్వాలో నాటిన క్యాబేజీ ఒక్కటీ లేదు. మిగిలినవి గీతలు, ఆ గీతలను ఏటేటా తిరిగి దిద్దే చేతులు. ఆ తోట ఎంత ప్రాచీనమన్న ప్రశ్నకు చరిత్రకారులు ఒక సమాధానం చెప్పవచ్చు. నిచ్చెనమీద నిలిచిన తోటమాలికి మాత్రం అది ఈ చలికాలపుది. మధ్యాహ్నానికి మంచు కరిగి చేతి తొడుగులు తడిసిపోతాయి. అతడు వాటిని పిండుకొని తిరిగి తొడుక్కొని, నిచ్చెన జరిపి, తరువాతి చెట్టును చేరుకొంటాడు. జూన్‌లో ఆ చెట్టునీడన నడిచేవారెవరికీ అతని పేరు తెలియదు.