చిక్కగా పోస్తే బలం అనుకున్నా!

ఫ్రెండ్స్ గ్రూపులో నా పేరు 'పల్టీ'. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా బగ్గీ గురించి చెప్పాలి.

ఆర్‌సీ కారు అంటే బర్త్‌డేకి పిల్లలకు కొనిచ్చే బొమ్మ అనుకుంటారు చాలామంది. మా నాన్న కూడా అంతే. నాది అసలు కారులో ఎనిమిదో వంతు సైజుండే ఆఫ్‌రోడ్ బగ్గీ. సెకండ్ హ్యాండ్‌దే అయినా రెండు నెలలు బిర్యానీ మానేసి కొన్నా. విషయం తెలిశాక నాన్న ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన తిట్టడం. ఆ తర్వాత మా ఫోన్ కాల్స్ "తిన్నావా", "తిన్నా" దగ్గరే ఆగిపోయాయి.

ఈ బగ్గీలో నాలుగు చక్రాలూ లాగుతాయి. అందుకే మూడు డిఫరెన్షియల్స్ ఉంటాయి. ముందు చక్రాల మధ్య ఒకటి, వెనక చక్రాల మధ్య ఒకటి, ముందుకీ వెనక్కీ నడుమ ఇంకొకటి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి కదా, అది లోపలి చక్రం కంటే వేగంగా తిరగనివ్వడమే డిఫ్ పని. లోపల చిన్న చిన్న గేర్లు, వాటి చుట్టూ సిలికాన్ ఆయిల్. ఆయిల్ చిక్కగా ఉంటే రెండు చక్రాలూ విడివిడిగా తిరగడం కష్టం. పల్చగా ఉంటే తేలిక. ఆ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. నీళ్లది దాదాపు 1. మనం డిఫ్‌లో పోసేది వేలల్లో ఉంటుంది.

అంకె పెద్దదైతే బలం ఎక్కువని నేనే తేల్చేసుకున్నా. మూడింట్లోనూ 10,000 పోశా. మేం ఆదివారాలు నడిపేది హైదరాబాద్ శివార్లలో ఓ ఖాళీ స్థలంలో. ఎర్రమట్టి, పైన పిండిలాంటి దుమ్ము. మొదటి మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు నా మాట వినకుండా తిన్నగా పోయింది. కంగారుపడి థ్రాటిల్ నొక్కా. ఈసారి తోక గిర్రున తిరిగింది. రెండు పల్టీలు, ముందు ఆర్మ్ ముక్కలు. కొత్త ఆర్మ్ కొరియర్‌లో రావడానికి మూడు వారాలు. పేరు మాత్రం ఆ సాయంత్రానికే వచ్చేసింది.

అమ్మేద్దామనుకున్నా. నిజంగానే. ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నా.

ఈలోగా జులైలో ఊరెళ్లా. దమ్ము పనులు జోరుగా ఉన్నాయి. నాన్న ట్రాక్టర్ మీద, నేను గట్టు మీద. ఒక చోట బురద మరీ మెత్తగా ఉండి ఓ చక్రం ఊరికే తిరుగుతోంది, రెండోది కదలట్లేదు. నాన్న కాలితో ఏదో పెడల్ తొక్కారు. రెండు చక్రాలూ కలిసి తిరిగాయి, బండి బయటికొచ్చింది. భోజనాల దగ్గర అడిగా, అదేంటని.

"డిఫ్ లాకురా. రెండు చక్రాల్నీ కట్టేస్తుంది."

"మరి ఎప్పుడూ వేసే ఉంచొచ్చుగా?"

ముద్ద కలపడం ఆపి నా వైపు చూశారు. "లాకు వదలకుండా రోడ్డెక్కి మలుపు తిప్పి చూడు. బండి తిన్నగా కాలవలోకి పోద్ది."

నా కారు చేసింది అదేగా! ఫోన్ తీసి పల్టీ వీడియో చూపించా. రెండుసార్లు చూశారు. "ఇందులోనూ డిఫ్ ఉంటదా?" ఆ రాత్రి అరుగు మీద గంటసేపు మాట్లాడుకున్నాం. "నేల ఎలాంటిది? దుమ్మెంత? ఎండెంత?" అన్నీ ఆయనే అడిగారు. నాకు వాటిలో సగం తెలీదు. పది ఆదివారాలు అక్కడే గడిపినా నేల వైపు చూడలేదు మరి.

వెనక్కొచ్చి మూడు డిఫ్‌లూ విప్పి కడిగా. 1/8 బగ్గీలకు అందరూ మొదలుపెట్టే లెక్క 5-7-3. అంటే ముందు 5,000, మధ్య 7,000, వెనక 3,000. గేర్లు మునిగేదాకా పోసి, బుడగలు పైకొచ్చేదాకా ఆగి, కాస్త ఖాళీ వదిలి మూత బిగించాలి. నిండా పోస్తే వేడికి ఉబ్బి కారిపోతుంది. (నాకు కారింది. ఓ-రింగ్ మార్చా.)

ముందు 5,000తో కారు మలుపులోకి బుద్ధిగా తిరిగింది. థ్రాటిల్ నొక్కితే మాత్రం దుమ్ములో తోక ఇంకా ఊగుతోంది. మధ్యలో 5,000కి దించా. నొక్కినప్పుడు వెనక్కి వెళ్లే తోపు కొంచెం ముందుకి జారి కారు మెత్తబడింది. గట్టి నేల మీదైతే ఇదే పని కారును మొద్దుగా చేస్తుంది. తర్వాతి వారం వెనక 2,000. అప్పుడు వెనక చక్రాలు మలుపు మధ్యలో నేలను వదల్లేదు. ఒకసారికి ఒక్క డిఫే మార్చా, లేకపోతే ఏది పనిచేసిందో తెలిసేది కాదు. ఇంకో సంగతి, సీసా మీది అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. మన మే నెల ఎండలో, పైగా ఎక్కువ పని చేసే మధ్య డిఫ్‌లో, ఆ 5,000 అంత చిక్కగా ఏమీ ఉండదు. వేసవిలో అక్కడ మళ్లీ 7,000 పోయాల్సిందే.

మొన్నటి ఆదివారం ఐదు కార్లలో మూడో స్థానం. పల్టీ లేదు. పేరు మాత్రం మార్చట్లేదు వెధవలు.

వీడియో నాన్నకు పంపా. రాత్రి ఫోన్ చేశారు. "సంక్రాంతికి తీసుకురా. కళ్లంలో నడుపుదువుగాని" అన్నారు. ఆగి, "కళ్లం పేడతో అలికి గట్టిగా ఉంటది. దానికెంత పోస్తావ్?" అని అడిగారు.

చిక్కగానే పోయాలనుకుంటున్నా. ముందు, మధ్య ఏడేసి వేలు, వెనక మూడు. సీసాలు ఆర్డర్ పెట్టేశా.