తగిన బిగువు

యాభై అయిదేళ్ల వయస్సులో మంచు మీద జారే స్కీయింగ్ క్రీడ నేర్చుకోవాలన్న కోరిక నాకు కలిగింది. మా అమ్మాయి అమెరికాలోని డెన్వర్ నగరంలో ఉంటున్నది. శీతకాలంలో ఆమెను చూడబోయినప్పుడు, రాకీ పర్వతాల మంచువాలుల మీద పసిపిల్లలు సైతం పక్షుల వలె దూసుకుపోవడం చూశాను. మనస్సు ఆగలేదు.

మొదటి రోజున బూట్లు అద్దెకు తీసుకున్నాను. బిగుతుగా ఉంటే నొప్పి పుడుతుందని తలచి, నా పాదానికన్న ఒక కొలత పెద్దవి అడిగి, రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగాను. హాయిగా అనిపించింది. వాలు మీదకు చేరగానే ఆ హాయి హరించింది. బూటులో మడమ పైకి లేస్తూ ఉండడం వల్ల, నేను తిప్పిన వైపునకు స్కీ పలకలు తిరగలేదు. పడ్డాను, మోకాలు బెణికింది. "నేను దగ్గరుండి చూడవలసింది నాన్నా" అని అమ్మాయి కన్నీరు పెట్టుకున్నది. తప్పు నాది, బాధ ఆమెది.

మరుసటి ఏడాది ఆమె నన్ను బూట్లు అమర్చే నిపుణుని వద్దకు తీసుకొని వెళ్లింది. అక్కడి బూట్ల మీద 70, 100, 130 అనే అంకెలు కనిపించాయి. ముప్ఫై ఏళ్లుగా మార్కులు వేసిన అలవాటు కదా! పెద్ద అంకె మేలైనదనుకొని 130 అడిగాను. ఆయన నవ్వి, అది నాణ్యతకు గుర్తు కాదనీ, ముందుకు వంచినప్పుడు బూటు ఎంతగా ఎదురు నిలుస్తుందో తెలిపే అంకె అనీ వివరించాడు. దానిని ఫ్లెక్స్ అంటారు. ఈ అంకెకు అన్ని సంస్థలలోనూ ఒకే కొలమానం లేదు. చలిలో ప్లాస్టిక్ మరింత గట్టిపడుతుంది కూడా. బరువైనవారికి, వేగంగా సాగే నేర్పరులకు గట్టి బూటు తగును. కొత్తవాడు దానిని వంచలేక వెనుకకు వాలిపోతాడు.

తరువాత ఆయన నా పాదం పొడవును సెంటీమీటర్లలో కొలిచాడు. బూటు లోపలి మెత్తని తొడుగు తీసివేసి, వట్టి డొల్లలో కాలు పెట్టించి, వేళ్లను ముందుకు ఆనించమన్నాడు. మడమ వెనుక సుమారు 2 సెంటీమీటర్ల సందు ఉన్నది. కొత్తవారికి అది సరిపోతుందన్నాడు. తొడుగును తిరిగి అమర్చి, పలుచని మేజోళ్లు ఒక్క జత తొడిగించి, పట్టీలు బిగించాడు. నిటారుగా నిలిస్తే వేళ్లు ముందు గోడను తాకాయి; మోకాళ్లు వంచగానే మడమ వెనుకకు ఒదిగి వేళ్లకు చోటు దొరికింది. నాకు 80 చాలునని తేల్చాడు.

ఆ శీతకాలంలో, పిల్లలు నేర్చుకొనే చిన్న వాలు మీద పడకుండా మా అమ్మాయి నిలిచిన చోటి వరకు జారి వెళ్లాను.

తిరుగు ప్రయాణంలో ఒక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. ఉత్సాహంతో పద్యం వ్రాసి తెచ్చిన అతనిని ప్రబంధకవుల కొలతతో తూచి, దోషాలన్నీ ఎత్తిచూపి తిప్పి పంపాను. అతడు మళ్లీ పద్యం తీసుకొని రాలేదు. బిగువు లేనిదే పద్యం నిలువదన్నది నిజమే. బూటు సంగతీ అంతే. కాని ఎవరికి ఎంత బిగువు తగునో ముందుగా కొలిచి చూడడం నేర్పేవాని విధి. ఇప్పుడు పద్యరచన నేర్చుకొనవచ్చిన వారికి మొదట ఆటవెలది చెబుతున్నాను. శార్దూలం సంగతి తరువాత.