సోడాబుడ్డి పోయింది... కన్ను?

పెళ్లిచూపులప్పుడు ఆమెకు కళ్లద్దాల్లేవు. అంతకు ఆర్నెల్ల ముందే లేజర్‌ ఆపరేషనైంది. మైనస్‌ తొమ్మిది కాస్తా సున్నాకొచ్చింది. ‘ఇక ఆ ఊసెత్తకు. అద్దాలతోపాటే అదీ పోయింది’ అంది అమ్మ. బళ్లో ‘సోడాబుడ్డి’ అని ఏడిపించిన రోజుల ఫొటోలన్నీ పుట్టింటి బీరువా అడుక్కి చేరాయి. అత్తింట్లో ఎవరికీ ఆ సంగతి తెలీదు.

పదేళ్లు గడిచాయి. ఓ పొద్దున కంటి పక్కన మెరుపు మెరిసినట్టయింది. ఆ వెంటే దోమల్లా నల్లటి నలుసులు. ఎంత కడిగినా పోలేదు. ‘తలనొప్పి’ అని భర్తకు చెప్పి, ఒక్కతే కంటి డాక్టరు దగ్గరికెళ్లింది.

‘చిన్నప్పుడు అద్దాలుండేవామ్మా?’ అడిగింది డాక్టరమ్మ.

‘లేవండీ’... అలవాటైన అబద్ధం.

చుక్కల మందేసి పరీక్షలు మొదలెట్టారు. ముందు కన్ను పొడవు కొలిచారు. మామూలుగా కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి దాదాపు 24 మిల్లీమీటర్లుంటుంది. ఆమెది 27. ‘ఒక్క మిల్లీమీటరు సాగితే రెండున్నర నుంచి మూడు దాకా పవర్‌ పెరుగుతుంది. నీకు ఎనిమిదో తొమ్మిదో ఉండేదే!’ అంది డాక్టరమ్మ. ఆమె తలొంచుకుంది.

తర్వాత రెటీనా ఫొటో. ఒక్క క్లిక్కుతో 200 డిగ్రీల మేర, దాదాపు అంచులదాకా తెరమీదికొచ్చింది. ఈ తరహా కెమెరా వెనక ఓ తండ్రి బాధ ఉంది. స్కాట్లాండ్‌కు చెందిన డగ్లస్‌ ఆండర్సన్‌ కొడుక్కి పసితనంలోనే రెటీనా ఊడిపోయింది. ఆ సంగతి ఆలస్యంగా బయటపడి ఒక కంటి చూపు పోయింది. మరో బిడ్డకు అలా కాకూడదని ఆ తండ్రి 1992లో ఆప్టోస్‌ సంస్థను స్థాపించాడు.

పొడవొక్కటే కాదు, కంటి ఆకారమూ ముఖ్యమే. బాగా సాగిన కళ్లలో కొన్నింటికి వెనక గోడ ఓచోట ఉబ్బుతుంది. దాన్నే స్టఫిలోమా అంటారు. ఇటలీ వైద్యుడు ఆంటోనియో స్కార్పా 1801లో దీని గురించి రాసింది చనిపోయినవారి కళ్లను కోసి చూశాకే. ఇప్పుడా అవసరం లేదు. టోక్యోలో క్యోకో ఓనో మాత్సుయి బృందం ఎమ్మారైతో బతికున్నవారి కంటిగుడ్లను త్రీడీ బొమ్మలుగా చూసింది. కొన్ని పీపాల్లా సాగాయి, కొన్ని ఓ పక్కకు ఒరిగాయి. వాటికి రెటీనా ఫొటోలు జోడించి, 2014లో ఈ ఉబ్బుల్ని కొత్తగా వర్గీకరించారు.

అదృష్టం... ఆమె కంట్లో అలాంటి ఉబ్బు లేదు. కానీ అంచున చిన్న చిరుగుంది.

‘అప్పుడు లేజర్‌తో చెక్కింది కంటి ముందున్న కార్నియానమ్మా. వెనక సాగింది సాగినట్టే ఉంది. బుడగ ఊదేకొద్దీ రబ్బరు పలచబడినట్టు లోపలి రెటీనా పలచబడుతుంది. పవర్‌ సున్నా అయినా ఏటా చూపించుకోవాలి. మెరుపులొచ్చినా, నలుసులు పెరిగినా, చూపుకు తెర అడ్డం పడినట్టున్నా ఆ రోజే రావాలి’ అంది డాక్టరమ్మ. వెంటనే చిరుగు చుట్టూ లేజర్‌ చేసింది. ‘పిల్లలున్నారా? వాళ్ల కళ్లూ చూపించు. ఇది వంశంలోనూ వస్తుంది.’

ఎనిమిదేళ్ల కూతురు టీవీకి ఆనుకుని కూర్చోవడం గుర్తొచ్చి గుండె జారింది.

ఆ రాత్రి రిపోర్టు భర్త చేతిలో పెట్టి, అన్నీ చెప్పేసింది. అతను చాలాసేపు మాట్లాడలేదు. ‘రేపు పాపను తీసుకెళ్దాం’ అన్నాడు చివరికి.

ఆదివారం పుట్టింట్లో బీరువా తీసింది. కూతురు ఓ ఫొటో పట్టుకుంది.

‘ఈ కళ్లద్దాల అమ్మాయెవరమ్మా?’

‘నేనే.’