పొట్లం

మా ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో హైదరాబాద్ రోడ్డూ, మైలవరం మీదుగా తిరువూరు వెళ్ళే రోడ్డూ విడిపోతాయి. అక్కడికి కాస్త ఇవతల, ఏడాదిలో కొన్ని నెలలపాటు ఒక గుడారం వెలుస్తుంది. బయట చాప మీద వేర్లు, బెరళ్ళు, ఎండుకాయలు, సీసాల్లో నూనెలు. చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళి కూర్చుంటే రోడ్డు మీదవాళ్ళకి మనం కనపడం. వాళ్ళు అమ్మే అసలు సరుకు ఆ కనపడకపోవడమేనని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

నిరుడు వానాకాలంలో ఒక శనివారం సాయంత్రం నేనూ చెప్పులు విడిచి లోపలికెళ్ళాను. నాకు 34 ఏళ్ళు. పెళ్ళయి ఆరేళ్ళు, పాపకి మూడు. అమెరికా క్లయింటు వేళల ప్రకారం సాయంత్రం ఏడింటికి లాప్‌టాప్ ముందు కూర్చుంటే తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. అప్పటికి దాదాపు ఏడాదిగా, మంచం ఎక్కితే నిద్ర తప్ప ఇంకేమీ అక్కర్లేదనిపిస్తోంది. చేతకాక కాదు. కావాలనిపించక. ఆకలి వేయకపోవడానికీ, తిన్నది అరగకపోవడానికీ ఉన్నంత తేడా ఈ రెంటికీ ఉంది. కానీ గుడారంలో రెంటికీ ఒకటే పొట్లం.

"నరాల బలహీనతేగా బాబూ?" అన్నాడు లోపలున్నాయన.

తలూపాను. అంతకుమించి నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన పని పడలేదు. ఎంత హాయిగా అనిపించిందో!

నరాల బలహీనత. చిన్నప్పట్నుంచీ గోడల మీదా, బస్సుల్లో అంటించిన కాగితాల మీదా చదువుతున్న మాట. నరాలతో దీనికి పెద్దగా సంబంధం లేదు. మగవాడు నోరు విప్పకుండా బయటపడటానికి మన భాష ఇచ్చిన సందు అది. ఆడవాళ్ళకి ఆ సందు కూడా లేదు.

పొట్లంలో ఏముందో ఆయనే చెప్పాడు. అశ్వగంధ, అదే పెన్నేరు గడ్డ. దూలగొండి గింజలు, పల్లేరు కాయలు, నేలతాడి దుంప. ఇంకా "మా తాతల నాటివి కొన్ని". దూలగొండి నాకు తెలుసు. ఏడో తరగతిలో ఎవడో దాని నూగు బెంచీ మీద రాస్తే మధ్యాహ్నం దాకా గోక్కున్నాం. పల్లేరు కాయ కూడా తెలుసు, సైకిల్ ట్యూబుల పుణ్యమా అని. రాత్రి పాలల్లో చెంచాడు, మండలం రోజులు, పులుపు తినకూడదు. న్యూస్‌పేపర్లో కట్టి, పైన గులాబీరంగు దారం చుట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బీరువాలో చలికోట్ల వెనకాల దాచాను. బెజవాడలో చలికోట్లు ఎవరూ తియ్యరు కదా.

*

మన ఇళ్ళల్లో ఈ విషయం గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఏర్పాట్లు మాత్రం అందరూ చేస్తారు. సంక్రాంతికి కొత్త అల్లుడికి నెయ్యి కారే సున్నుండలు. శోభనం గదిలో కుంకుమపువ్వు పాలు, జాజికాయ వేసిన తాంబూలం. ఆషాఢం రాగానే కొత్తకోడల్ని పుట్టింటికి పంపడం. పాపకి రెండేళ్ళు నిండాక మా అమ్మ వారానికి మూడుసార్లు మునగాకు పప్పు మొదలుపెట్టింది. "ఐరన్ ఉంటుందిరా" అనేది. ఎవరికి, ఎందుకు అని ఎవరూ అడగలేదు. అందరం తిన్నాం.

మాట్లాడినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, అదీ మా ఊరికి కూతవేటు దూరంలోనే. నాస్తికోద్యమం నడిపిన గోరా గారి అబ్బాయి డాక్టర్ సమరం విజయవాడలో ప్రాక్టీసు చేస్తూ, స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి జనం సందేహాలకి జవాబులు రాశారు. తెలుగువాళ్ళు రెండు మూడు తరాలు ఆ పేజీలోనే ఈ చదువు చదువుకున్నారు. మా ఇంటికీ స్వాతి వచ్చేది. నాన్న ముందు తను చదివి, ఆ పేజీకి స్టేప్లర్ కొట్టి టీపాయ్ మీద పెట్టేవారు. నేను పిన్ను ఊడదీసి చదివి, మళ్ళీ అవే కన్నాల్లో పెట్టి వంచేసేవాణ్ణి. నాన్నా నేనూ ఈ విషయం గురించి జరిపిన సంభాషణ మొత్తం అంతే. ఆ స్టేప్లర్ పిన్ను.

*

పొట్లం మొదలుపెట్టి పద్నాలుగు రోజులు. తేడా ఏమైనా ఉందా అంటే, పాలు తాగుతున్నాను కాబట్టి నిద్ర కొంచెం బాగా పట్టేది. నా భార్య రెండుసార్లు అడిగింది, "పాలల్లో ఏం కలుపుకుంటున్నావ్?" అని. ప్రొటీన్ పౌడర్ అన్నాను.

పదిహేనో రోజు రాత్రి పదకొండింటికి నాన్న బాత్రూమ్ గుమ్మంలో పడిపోయారు.

నాన్నకి 66. మా ఊరి థర్మల్ స్టేషన్లో షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యారు. 1979లో మొదటి యూనిట్ నడిచిన ఆ ప్లాంటుకి తర్వాత నార్ల తాతారావు పేరు పెట్టారు గానీ మాకు ఇప్పటికీ వీటీపీఎస్సే. మూడేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ వేశారు. ఛాతీలో పట్టేసినట్టుంటే నాలిక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ ఇచ్చారు. ఆ రాత్రి కూడా పెట్టుకున్నారు. కార్లో వెనకసీట్లో ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని గొల్లపూడి దాటుతుంటే, చెయ్యి చల్లగా, చెమటగా ఉంది. ఆసుపత్రిలో బీపీ చూసి డ్యూటీ డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది.

"ఇవాళ ఇంకేమైనా మందులు వేసుకున్నారా? నాటుమందు గానీ, ఆయుర్వేదం గానీ?"

అమ్మ లేదంది. నాన్న కళ్ళు మూసుకుని లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆయన చొక్కా విప్పి నా చేతికిచ్చారు. జేబులో కళ్ళజోడు, సార్బిట్రేట్ స్ట్రిప్పు, చిన్న కాగితం మడత. మడతకి గులాబీరంగు దారం.

నాకు ఒక్క క్షణం అది నాదే అనిపించింది. నా పొట్లం ఆయన జేబులోకి ఎలా వచ్చిందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. ఒకే గుడారం బయట, వేరువేరు సాయంత్రాల్లో, మా ఇద్దరి చెప్పులూ.

డాక్టరమ్మని పక్కకి పిలిచి చూపించాను. ఆవిడ నవ్వలేదు. చాలా మామూలుగా చెప్పింది. సార్బిట్రేట్ రక్తనాళాల్ని వదులుచేసి గుండె బరువు దించుతుంది. వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ కూడా రక్తనాళాల్నే వదులుచేస్తుంది. రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది, ప్రాణం మీదికి రావచ్చు. "ఇది మూలికల పొడి కదండీ" అన్నాను. "పొట్లం మీద రాసి ఉందా, లోపల ఏముందో?" అంది.

తర్వాత చదివాను. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందుని, పేరు చెప్పకుండా, "సహజం", "మూలికలు" అని అమ్మే సరుకుల్లో కలుపుతున్నారని అక్కడి ఎఫ్‌డీఏ పరీక్షల్లో మళ్ళీ మళ్ళీ బయటపడింది. మన దగ్గర 1954 నాటి చట్టం ఒకటుంది. కామసామర్థ్యం పెంచుతామంటూ ఏ మందుకీ ప్రకటన ఇవ్వకూడదని. అందుకేనేమో డబ్బాల మీద "శక్తి", "ఉత్సాహం" అని రాస్తారు. గుడారంలో అదీ రాయరు. మా పొట్లంలో ఏం కలిసిందో మేం పరీక్ష చేయించలేదు. అది తెలియకపోయినా, డాక్టరుకి చెప్పాల్సిన మాట ఒక మనిషి ప్రాణం పోతున్నా చెప్పలేకపోయాడన్నది మాత్రం తెలిసింది.

తెల్లారేసరికి నాన్న తేరుకున్నారు. వరండాలో అమ్మకి సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అమ్మ కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది.

"ఈ వయసులో ఆయనకెందుకురా ఇవన్నీ" అంది. తర్వాత ఇంకాసేపటికి, "నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అంది. ఏం చెప్పేదో నేను అడగలేదు.

లోపలికెళ్తే నాన్న పడుకునే నా వైపు చూశారు. "నాదీ అదే పొట్లం నాన్నా" అన్నాను. ఆయన మొహంలో ముందు భయం, తర్వాత ఇంకేదో.

"నువ్వు కూడానా?" అన్నారు. "నీకేమైందిరా?"

ఏడాదిలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి మా నాన్న.

చెప్పాను. నిద్ర సంగతి, ఇంటిలోను సంగతి, ఏమీ అనిపించని సంగతి. ఆయన అంతా విని, "సి షిఫ్ట్ పడిన వారం నేనూ అంతేరా. పగలు పడుకుంటే నిద్రా కాదు, మెలకువా కాదు. మాకు వారానికోసారి షిఫ్ట్ మారేది. నీకు మారదు కదా" అన్నారు.

ఆయన మాటకి ఆధారం కూడా ఉంది. 2011లో షికాగో విశ్వవిద్యాలయంవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రాళ్ళని వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చి చూస్తే, పగటిపూట టెస్టోస్టిరోన్ 10 నుంచి 15 శాతం దాకా పడిపోయింది. పదిమందితోనే చేసిన చిన్న పరీక్ష. కానీ నాకు అశ్వగంధ అమ్మినాయన నా నిద్ర గురించి అడగలేదు.

*

ఆ ఆదివారం బీరువాలోంచి పొట్లం తీసి నా భార్య ముందు పెట్టాను. తను కోప్పడుతుందనుకున్నాను. దారం విప్పి వాసన చూసి మళ్ళీ కట్టేసింది.

"నేనంటే ఇష్టం పోయిందేమో అనుకున్నాను" అంది. "ఏడాది నుంచి అదే అనుకుంటున్నాను. నువ్వేమో మందు తింటున్నావు."

కాసేపాగి ఇంకో మాట అంది. "పాప పుట్టాక ఏడాదిపాటు నాకు అసలు అనిపించేది కాదు. పాలిచ్చేదాన్ని, నిద్ర లేదు. నాకేమైందని ఎవరూ అడగలేదు. నువ్వు కూడా. నాకెవరూ పొట్లం తెచ్చివ్వలేదు. సర్దుకుపోయాను, అంతే."

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. పాలిచ్చే తల్లికి ప్రొలాక్టిన్ పెరిగి, ఈస్ట్రోజెన్ తగ్గి కోరిక పలచబడటం సహజమని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఇద్దరం కలిసే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. షుగర్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పొద్దున్నే తీసే టెస్టోస్టిరోన్. దిగులుకి వేసుకునే కొన్ని మాత్రలు కూడా కోరికని తగ్గిస్తాయి కాబట్టి వాడే మందులన్నీ అడిగారు. నా రిపోర్టులు చాలావరకు బాగానే ఉన్నాయి. షుగర్ మాత్రం గీత మీద ఉంది.

మూలికలంటే నాకిప్పుడు భయమూ లేదు, భక్తీ లేదు. అశ్వగంధ ఒత్తిడినీ నిద్రనీ కొంత మెరుగుపరుస్తుందని చిన్న చిన్న అధ్యయనాలు చెప్తున్నాయి. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. డెన్మార్క్ 2023లో దాన్ని నిషేధించింది. దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉంది, పార్కిన్సన్ జబ్బుకి డాక్టర్లు ఇచ్చేది అదే. అంటే అది నిజంగా మందు. కాబట్టి మందులాగే లెక్కప్రకారం వాడాలి. పల్లేరు మనుషుల్లో టెస్టోస్టిరోన్ పెంచుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం దొరకలేదు. సైకిల్ ట్యూబుల విషయంలో దాని శక్తికి నేనే సాక్షి.

ఒక ఆయుర్వేద వైద్యురాలు చెప్తే చరకసంహిత తెలుగు తాత్పర్యం తెరిచాను. అందులో వాజీకరణానికి ఒక అధ్యాయమే ఉంది. పాలు, నెయ్యి, మినుములు, మా అమ్మ వంటగది సగం అందులోనే ఉంది. చదువుతుంటే అంతా మగవాడి వైపునుంచే కనిపించింది. నా భార్య చెప్పిన ఏడాదికి అక్కడా చోటు లేదు. కానీ వేరే చోట, సూత్రస్థానంలో, దేనికి ఏది ముఖ్యమో చెప్పే ఒక జాబితా ఉంది. కామాన్ని పెంచేవాటిలో మొదటిది సంకల్పం అంటాడు. తగ్గించేవాటిలో మొదటిది దౌర్మనస్యం, అంటే మనసు బాగోకపోవడం. అన్ని వేర్లూ దుంపలూ తెలిసినవాడు అగ్రస్థానం మనసుకి ఇచ్చాడు. గుడారంలో ఆ పేజీ ఉండదు. మనసుని పొట్లం కట్టి అమ్మలేరు కదా.

ఆఫీసులో అడిగి మధ్యాహ్నం షిఫ్ట్‌కి మారాను. నైట్ అలవెన్స్ పోయింది, లోను కట్టేటప్పుడు ఆ సంగతి తెలుస్తోంది. రాత్రి పదిన్నరకి పని అయిపోతుంది. అంతా చక్కబడిపోయిందని చెప్పను. కొన్ని వారాలు బాగుంటాయి, కొన్ని ఉండవు. ఉండనప్పుడు, "ఇవాళ లేదు" అని ఇద్దరిలో ఎవరో ఒకరు అనగలుగుతున్నాం. ముందు ఆ ఒక్క మాట అనలేకే నేను గుడారం దాకా వెళ్ళాను.

నాన్న మందుల డబ్బాలో ఇప్పుడు ఒక చీటీ ఉంది, ఆయన వేసుకునేవన్నీ వరసగా అమ్మ చేతిరాతలో. కింద అడ్డగీత కొట్టి, "ఇంకేమైనా కావాలంటే నన్నడగాలి" అని రాసింది. ఇంతకాలం మునగాకు పప్పుకి ఐరన్ పేరు చెప్పిన మనిషి.

ఈ ఏడు వానలు మొదలవగానే గుడారం మళ్ళీ వెలిసింది. మొన్న పాపని బడి నుంచి తీసుకొస్తూ బండి మీంచి చూశాను. చాప మీద అవే వేర్లు. గుమ్మం ముందు ఒక జత చెప్పులు, బురద అంటిన కొత్త శాండల్స్. ఎవరో కుర్రాడివి. సిగ్నల్ పడేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను.