కొత్తపట్నం ఇసుకలో చైనా గిన్నెలు

గూడూరు నుంచి కోట మీదుగా తూర్పుకు పోతే సరుగుడు తోటలు దాటి కొత్తపట్నం వస్తుంది. నెల్లూరు సీమ తీరం ఇది. పురావస్తు పరిశోధకులు ఇక్కడ 13, 14 శతాబ్దాల చైనా పింగాణీ ముక్కలు గుర్తించారు. ఆ నేల చూద్దామనే వెళ్లాను.

మేకలు కాసుకుంటున్న ఒక పెద్దాయన ఇసుక దిబ్బ చూపించాడు. “వాన పడితే పెంకులు బైటికొస్తాయి అబ్బయా. పిల్లకాయలు తొక్కుడుబిళ్లకి ఏరుకుంటారు.” ఎక్కువ భాగం మన కుమ్మరుల ఎర్రమట్టి పెంకులే. వాటి మధ్య బొటనవేలంత ముక్క ఒకటి లేతాకుపచ్చగా మెరిసింది. విరిగిన అంచున బూడిదరంగు మట్టి, దాని మీద దళసరి పూత.

చైనాలో జెజియాంగ్ ప్రాంతపు లాంగ్‌చ్వాన్ బట్టీల పనితనం ఇలాగే ఉంటుంది. పూతలో కొద్దిగా ఇనుము కలిపి, బట్టీలోకి గాలి తగ్గించి కాలిస్తే ఆ పచ్చదనం వస్తుంది. గాలి ఎక్కువైతే పసుపుకి తిరుగుతుంది. కొండవాలు వెంట కట్టిన పొడవాటి బట్టీల్లో ఒక్క విడతకే వేల పాత్రలు కాల్చేవారు. ఆ పనివాళ్ల పేర్లు మనకు దక్కలేదు. వాళ్ల చేతి నేర్పు మాత్రం తిక్కన భారతం రాసిన శతాబ్దంలోనే నెల్లూరు సీమ రేవులకు చేరింది.

ఆ వ్యాపారానికి రాజుల అండ ఉండేది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించి, ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినా సరుకు లాక్కోబోమనీ, సుంకం మాత్రమే తీసుకుంటామనీ విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. జపాన్ చరిత్రకారుడు నొబోరు కరాషిమా బృందం దక్షిణ భారత, శ్రీలంక తీరాల్లో ఇలాంటి పెంకులనే వెతికి, 2004లో పుస్తకం తెచ్చింది.

పెంకు ఏ పొరలో, వేటి పక్కన దొరికిందో తెలిస్తేనే అది ఏ కాలానిదో, ఎవరి ఇంటిదో చెప్పగలం. జేబులో వేసుకున్న మరుక్షణం ఆ సాక్ష్యం పోతుంది. అందుకే ఆ ముక్కను దాని చోటనే ఉంచాను. ఈ చుట్టుపక్కలే రానున్న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. పరిశ్రమలు రావాల్సిందే. అయితే యంత్రాలు నేల తవ్వకముందే పురావస్తు శాఖ ఈ దిబ్బలను కొలిచి, హద్దులు రాసి, రక్షించాలి. చూడటానికి వెళ్లేవారు దయచేసి ఒక్క పెంకునూ కదిలించకండి.