నెఱ్ఱెలు విచ్చిన చెఱువు

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఎనిమిదవ తరగతి విద్యార్థులను “మా యూరి చెఱువు” అను వ్యాసము వ్రాయుమంటిమి. వర్ణనకు విశేషణములే ప్రాణమని చెప్పి, సుందరమైన, మనోహరమైన, రమణీయమైన అను పదములను నల్లబల్లపై వ్రాసి చూపితిమి. మఱునాడు 40 వ్యాసములు వచ్చెను. చెఱువులన్నియు సుందరములే, అన్నియు మనోహరములే! ఏ చెఱువు ఏ యూరిదో మాత్రము తెలియదయ్యెను.

ఒక్క బాలుడు “నెఱ్ఱెలు విచ్చిన చెఱువు” అని వ్రాసెను. మేము ఆ మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివైచి, పైన “సుందరమైన” అని దిద్దితిమి. అతడు మాఱుపలుకక శుద్ధప్రతిలో అట్లే వ్రాసి తెచ్చెను. మేము సంతసించి రెండు మార్కు లెక్కువ వేసితిమి.

ఆ వేసవిలో ఆరాధన నిమిత్తమై ఆ గ్రామమునకు పోవుట తటస్థించెను. చెఱువుకట్ట నెక్కి చూచితిమి. నీరు లేదు. అడుగంతయు నెఱ్ఱెలు విచ్చి యుండెను. నడుమ నొక చెలమ త్రవ్వియుండగా, ఆ బాలుని తల్లి అందూరిన నీటిని చిప్పతో తోడి కడవలో పోయుచుండెను. మమ్ము చూచి, “అయ్యగారూ, దాహము పుచ్చుకొందురా?” అని యడిగెను. ఆ నీరు త్రాగుచు మేము మిక్కిలి సిగ్గుపడితిమి. అబద్ధసాక్ష్యము పలుకరాదని ఆదివారపు బడిలో బోధించు మేమే, ఒక బాలునిచేత తన యూరి దప్పికకు “సుందర” మను పేరు పెట్టించితిమి!

బడి తెఱచినదినమున తరగతియెదుట అతని క్షమాపణ వేడితిమి. అతడు తలవంచుకొని నవ్వెను. నాటినుండి మేము విశేషణములను బోధించు విధము మాఱినది.

విద్యార్థులారా, సంస్కృతమున విశేషణము విశేష్యముయొక్క లింగవచనవిభక్తుల ననుసరించి మాఱును. తెనుగున నట్లు కాదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పుస్తకము: “మంచి” మాఱదు. ఎచ్చటనైనను సులభముగా అతుకును. ఆ సులభత్వమే మనలను సోమరులను చేయును. మామిడికాయను “మంచికాయ” యన్నచో చదువరికి పులుపో తీపో తెలియదు. పచ్చికాయ యన్నచో పండ్లు పులియును. దోరకాయ యన్నచో నోరూరును. మాగినపం డన్నచో వాసన కూడ వచ్చును. ఈ మాటలు మీ యిండ్లలో నున్నవే.

కావున విశేషణమును వ్రాయునపుడు రెండు ప్రశ్నలు వేసికొనుడు. దీనిని నేను కంటితోనో, చేతితోనో, నాలుకతోనో ఎఱుగుదునా? ఇది ఈ వస్తువునకే చెల్లునా, లేక అన్నిటికిని అతుకునా? “సుందరమైన” అను మాటయందు దోషము లేదు. నిండిన చెఱువున తామరలు విచ్చినపుడు దానిని నిర్భయముగా వ్రాయుడు. చూడక వ్రాయుటయే దోషము.

ఇక మీ ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా మీ నిజమైన మాటను కొట్టివేసినచో, వినయముతో లేచి, “అయ్యా, నేను చూచితిని” అని చెప్పుడు. మాకు ఆ బాలుడు చెప్పలేకపోయిన మాట అదియే.